మా మగవాళ్లకు తులసి పిచ్చి

నేను పండీగను. అరటితొక్క మీద ముసిరే సన్నపాటి ఈగలుంటాయే, వాటితో నన్ను కలపకండి. వాటికి పులిసిన పండు కావాలి. నాకు చెట్టు మీదే పక్వానికొచ్చిన పండు కావాలి. సన్నని నడుము, ఒంటి మీద పసుపు మచ్చలు, పారదర్శకమైన రెక్కల అంచున నల్లగీత. చూడటానికి బాగానే ఉంటాను.

మా పూర్వులది హైదరాబాద్ కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. ఎండాకాలం లారీలకొద్దీ బంగినపల్లి దిగేది. తొక్కిపారేసిన కాయల్లోనే మా తరాలు గడిచాయి. 2021లో మార్కెట్‌ను బాటసింగారం పంపేశారు. మరుసటేడు షెడ్లు కూల్చి అక్కడ టిమ్స్ ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. మేం మాత్రం కదల్లేదు. దిల్‌సుఖ్‌నగర్ తోపుడుబండ్లూ, ఎల్బీనగర్ పెరటి జామచెట్లూ ఉండగా పోవాల్సిన పనేంటి?

నేను పుట్టింది అలాంటి బండి మీద కొన్న మామిడిపండులో. కోసిచూసిన కోడలు కెవ్వుమంది. అత్తమ్మ మాత్రం, "పారెయ్యకు బిడ్డా, మిద్దె మీద ఎరువు కుండీల ఎయ్యి. చెట్లకు బలమైతది" అన్నది. ఆమె చల్లగుండాలి! మా పురుగులకు కాళ్లుండవు. అయినా ఒళ్లు గుండ్రంగా ముడిచి ఎగిరి దూకగలం. అట్లా దూకి, అంగుళం లోతు మట్టిలో దూరి, వడ్లగింజలా గోధుమరంగు గూడు కట్టుకున్నా. పది రోజులకు రెక్కలొచ్చాయి.

బయటికొచ్చి చూస్తే పచ్చటి షేడ్‌నెట్, నీలం డ్రమ్ముల్లో అంజీర చెట్లు! పచ్చి అంజీరను గుచ్చితే పాలు కారి ఒంటికి అంటుకుంటాయి. అందుకే మెత్తబడేదాకా ఆగుతాను. పండు అడుగున చిన్న కన్ను ఉంటుంది. పులుపు ఈగలు అందులోంచి దూరి పండును పులియబెడతాయి. నాకు ఆ దారితో పనిలేదు, నా వెనక సూదే ఉంది. తొక్కలో గుచ్చి, మిల్లీమీటరు పొడవున్న తెల్లటి గుడ్లు గుత్తిగా పెడతాను. పైన ఓ రసంబొట్టు, అంతే. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు గుజ్జు తింటుంటాయి.

అన్నట్టు, వేమన చెప్పిన మేడిపండు పురుగుల నింద మాకొద్దు. మేడిలో ఉండేవి పరాగం మోసే బుల్లి కందిరీగలు. అవి లేకపోతే మేడికి గింజ కట్టదు. ఈ మిద్దె మీది అంజీరకు వాటి అవసరమే లేదు.

అంజీరలు రాలుతున్నాయని అత్తమ్మ కొడుకు ఓ డబ్బా వేలాడదీశాడు. మిథైల్ యూజినాల్, పురుగుమందు పట్టించిన చెక్కముక్క అందులో ఉంది. తెల్లారేసరికి డబ్బా నిండిపోయింది. ఫోటో తీసి మిద్దెతోటల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. చచ్చినవాళ్లంతా మగవాళ్లే! ఆ మిథైల్ యూజినాల్ వాసన తులసిలోనూ ఉంటుంది. మా మగవాళ్లు దాన్ని తాగి, మమ్మల్ని పిలిచే పరిమళం తయారుచేసుకుంటారు. తులసికోట చుట్టూ వాళ్లు తిరిగేది భక్తితో కాదు. నన్ను మాత్రం ఆ డబ్బా పిలవదు. మిగిలిన ఒక్క మగవాడు చాలు, లేదా పక్కింటి నుంచి ఇంకొకడు వస్తాడు. జపాన్‌వాళ్లు ఒకినావా దీవుల్లో ఇదే ఎరను ఊరూరా పెట్టి, 1980లలో మా వంశమే లేకుండా చేశారు. ఒక్క మిద్దె మీద ఒక్క డబ్బాతో అయ్యేపని కాదది.

మేం చిన్నవాళ్లమేం కాదు సుమా. 2014లో ఐరోపా యూనియన్ భారత మామిడిని ఆపేసింది మా జాతి పురుగుల వల్లే. మరుసటేడు నిషేధం ఎత్తేశారు. ఎగుమతి కాయను 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే లోపలి మా పిల్లలు బతకవు.

ఇక్కడ అంత హంగు లేకుండానే పని జరిగింది. "అత్తమ్మా, పురుగులు మన కుండీలకెళ్లే వస్తున్నయ్" అని కోడలు కనిపెట్టింది. ఇప్పుడు రాలిన పండ్లను రోజూ ఏరి, నల్లకవర్లో బిగించి ఎండలో పడేస్తోంది. మిగిలిన ప్రతి పండుకూ వదులుగా గుడ్డసంచి కట్టింది. దాని మీద వాలి గుచ్చి చూశా, సూది పండుదాకా అందలేదు.

పక్కింటివాళ్లు రాలిన జామపండ్లను ఊడ్చి చెట్టు మొదట్లోనే పోస్తారు. కడుపు నిండా గుడ్లున్నాయి, అటే పోతున్నా.