డోను మేస్త్రి సూత్రమునకు టీకా తాత్పర్యములు

అవతారిక. పూర్వులు ద్రోణాచలమని వ్యవహరించిన డోను పట్టణము ప్రక్కగా హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు జాతీయ రహదారి సాగుచున్నది. పూర్వము 7వ సంఖ్యతో చెలామణియైన యా రహదారికి ఇప్పటి సంఖ్య 44. వైశాఖమాసమున ఒక్కొక్క మధ్యాహ్నము అచ్చటి యెండయు అన్ని డిగ్రీలే యగుట చిత్రము. అట్టి మధ్యాహ్నమున రేకుల షెడ్డు క్రింద బోనెట్టు తెరచికొని ఆవిరులు గ్రక్కుచు నిలిచిన కారును జూచి, చేతి నూనెను గుడ్డకు తుడుచుకొనుచు మేస్త్రి పలుకు ఉపదేశమిది. కర్త యెవరో తెలియరాదు. వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మూలమున లేనిదియు, అక్కరలేనిదియు వ్రాయనని ప్రతిన పట్టెనట. అందు మొదటిదానిని పాటింప యత్నింతుము గాని రెండవదానికి పూచీపడజాలము.

మూలము. "తక్కువ డిగ్రీల తర్మాస్టాట్ ఎయ్యండి సార్, బండి సల్లగుంటాది. దొరక్కపోతే పీకి పారేయండి."

టీక. తక్కువ డిగ్రీల = 88 డిగ్రీలకు మారుగా 71 డిగ్రీలకే తెరచుకొనునట్టి; తర్మాస్టాట్ = ఇంజనునకును రేడియేటరునకును నడుమ నిలిచిన ద్వారపాలకుని; ఎయ్యండి = బిగింపింపుడు; సార్ = ఓ కారు యజమానీ (ఖర్చు నీదే యని ధ్వని); బండి = ఇంజను (లక్షణార్థము; సీట్లెటులైనను కాలుచునే యుండును); సల్లగుంటాది = కాగకుండును. తక్కినది స్పష్టము.

తాత్పర్యము. తలుపు ముందుగా తెరచినచో నీరు ముందుగా రేడియేటరు చేరి చల్లబడును గావున, ఇంజను ఎల్లవేళల చల్లగా నుండునని సూత్రకారుని యాశయము.

వివరణము. ఆశయము ఉదాత్తమే గాని, ద్వారపాలకుని అధికార మెంతవరకో సూత్రకారుడు విచారింపలేదు. థర్మోస్టాటు గర్భమున చిన్న గిన్నెలో మైనము గలదు. అది కరగి ఉబ్బి, స్ప్రింగు నెదిరించి తలుపును నెట్టును. 88 డిగ్రీలకు కదలనారంభించిన తలుపు మరి పది పండ్రెండు డిగ్రీలకు పూర్తిగా తెరచుకొనును. అటుపిమ్మట దాని పని తీరిపోయినది. ఇంజను ఇంతకన్న చల్లబడరాదని అడ్డుపడుటయే దాని ధర్మము. ఇంతకన్న కాగరాదని శాసించుట రేడియేటరు, ఫ్యాను, వాటర్ పంపుల ధర్మము. రేడియేటరు వెడలగొట్టు వేడిమి నీటికిని బయటిగాలికిని గల తారతమ్యమును బట్టి యుండును. 44 డిగ్రీల గాలిలో 95 డిగ్రీల నీటికి 51 డిగ్రీల తారతమ్యము గలదు. 71 డిగ్రీల నీటికి 27 మాత్రమే, అనగా రేడియేటరు సత్తువ సగమునకు దిగిపోవును. అందుచే 71 డిగ్రీలకే తెరచుకొన్న తలుపు బార్లా తెరచియుండగనే, నీరు తనంతట తాను కాగుచు పోయి, పుట్టు వేడిమియు పోవు వేడిమియు సరితూగు చోటనే నిలుచును. ఏసీ వేసితిరా, దాని కండెన్సరు మీదుగా వచ్చు గాలి ముందే కాగియుండును గావున ఆ చోటు మరికొంత పైకి జరుగును.

పూర్వపక్షము. కంపెనీవారే వేడిదేశములకు వేరు థర్మోస్టాటు నిచ్చిరి గదా యందురు. నిజమే. మన అంబాసిడరు ఇంజనునకు దాయాదియైన బి.ఎం.సి. వారి బి-శ్రేణి ఇంజను గల ఎం.జి.బి. కారునకు సామాన్యముగా 82, శీతలదేశములకు 88, ఉష్ణదేశములకు 74 డిగ్రీల థర్మోస్టాట్లుండెడివి. 74 డిగ్రీల వద్ద ఘాటురోడ్డెక్కనారంభించిన కారునకు మరుగుటకు మరి కొన్ని నిమిషముల గడువు చిక్కును, మేలు అంతమాత్రమే. ఇంజను తల చల్లగా నున్నచో పెట్రోలు అకాలమున మండి టకటక కొట్టుట తగ్గుననుటయు సత్యమే. పందెపు కార్లవారు చల్లని థర్మోస్టాటును కోరుట అందుకొరకే. డోను నుండి కర్నూలునకు పెండ్లివారిని దించు కారునకు పందెమెక్కడిది?

మూలమున రెండవ వాక్యము మరింత ప్రమాదకరము. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాటు పైతలుపును తెరచునప్పుడే క్రిందిపళ్లెముతో బైపాసు దారిని మూయును. దానిని పీకినచో ఆ దారి మూతపడదు; వేడినీటిలో కొంత రేడియేటరు మొగము చూడకయే తిరిగి ఇంజనున జొరబడును. చల్లబరుప బోయి కాచుకొనుట యన్నమాట. ఇక థర్మోస్టాటు లేకయే పుష్యమాసపు వేకువ రైలుస్టేషను దాక పోయివచ్చు కారు సంగతి. లీటరు పెట్రోలు కాలినచో సుమారు లీటరు నీరు పుట్టును. అందులో కొంత పిస్టనులను దాటి ఇంజను ఆయిలున జేరును. ఆయిలు వేడెక్కినగాని ఆ తేమ యావిరై పోదు. పోనిచో మూత క్రింద తెల్లని జిడ్డు పేరుకొనును. సిలిండర్లు త్వరగా అరుగును. థర్మోస్టాటు లేని నేటి కారున కంప్యూటరు, ఇంజనింకను వేడెక్కలేదని భ్రమించి, పెట్రోలు ధారాళముగా పోయించుచునే యుండును.

అట్లయిన డోనున బండ్లు కాగుట యేల? రేడియేటరున పోయుటకు సూత్రకారుడు పట్టిన బోరునీటి బక్కెట్టును చూడుడు. బేతంచెర్ల నాపరాళ్లను ఇండ్ల గచ్చులకు పంపు సున్నపురాతి సీమ యిది. ఆ రాళ్ల నడుమ ఊరిన బోరునీటిలో కరగియున్న సున్నము, నీరు కాగినపుడు బయటపడి, ఇంజనులో మిక్కిలి వేడియైన చోటనే, సిలిండరు తల చుట్టునే, గట్టిపొరయై అంటుకొనును. ఈ పొర ఇనుముకన్న ఎన్నో రెట్లు తక్కువగా వేడిమిని సాగనిచ్చును గావున, నీటిని జూచి చెప్పు మీటరు ముల్లు కుదురుగానే యుండగా లోపలి లోహము ఉడికిపోవుచుండును. తుదకు హెడ్ గ్యాస్కెట్ పోవును. మేస్త్రి థర్మోస్టాటును నిందించును. రేడియేటరును కడిగించి, డిస్టిల్డ్ వాటరును కూలెంటును చెరిసగము పోసి, రేడియేటరు మూత రబ్బరు చెడినచో మార్చిన చాలును. మంచి మూత ఒత్తిడిని నిలిపి నీటిని 120 డిగ్రీల దాక మరుగనీయదు.

పాఠాంతరము. కావున మూలమున "తక్కువ డిగ్రీల తర్మాస్టాట్ ఎయ్యండి" అను చోట "రేడియేటర్ కడిగించండి" యని దిద్దుకొని చదువవలెను. "దొరక్కపోతే పీకి పారేయండి" యనునది ప్రక్షిప్తము. బహుశః స్పేరు పార్టులు దొరకని కాలమున ఎవడో శిష్యుడు చేర్చియుండును.