గజం ఎంత నడుస్తుంది?

"గజం ఎంత నడుస్తుంది సార్?"

ఈ పూటకి ఇది నాలుగోసారి. మొదట పాలప్యాకెట్ల కుర్రాడు అడిగాడు. తర్వాత సెలూన్ అబ్బాయి, కత్తి సరిగ్గా నా గొంతు మీద ఆనించి మరీ అడిగాడు. అబద్ధం ఆడే సమయం కాదది, చెబుదామంటే నిజం నా దగ్గర లేదు. మూడో ఆయన ఎవరో నాకు తెలీదు. బైకు ఆపి, ఒక కాలు నేలకి ఆనించి అడిగి, నేను నోరు తెరిచేలోగా ఫోనొస్తే వెళ్ళిపోయాడు. నాలుగో మనిషి ప్రార్థన చేయించుకోవడానికి ఇంటికొచ్చిన పెద్దాయన. ఆయన మోకాళ్ళ నొప్పుల కోసం చాలాసేపు ప్రార్థించాం. "ఆమేన్" అన్నాడు. కళ్ళు తెరిచాడు. గొంతు తగ్గించి, "గజం ఎంత నడుస్తుంది సార్?" అన్నాడు.

మేము మేడ్చల్ దగ్గర ఈ రావల్కోల్‌కి ప్లాట్లు అమ్మడానికి రాలేదు. కొనడానికీ రాలేదు. సేవ చెయ్యడానికి వచ్చాం. ఈ చివరి ముక్కని ఊళ్ళో ఇంతవరకు ఒక్కరూ నమ్మలేదు.

తప్పు మా ఆవిడది. 34 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి, కాళ్ళు చాపుకుని సీరియల్ చూడొచ్చు కదా. చూడదు. అమెరికాలో మోర్మన్ సంఘంవాళ్ళకి ఒక పద్ధతి ఉందని ఎక్కడో చదివింది. రిటైరైన మొగుడూ పెళ్ళాలు సొంత డబ్బు పెట్టుకుని, ఆర్నెల్ల నుంచి 23 నెలల దాకా దేశం కాని దేశం పోయి సేవ చేస్తారట. "వాళ్ళు సముద్రాలు దాటుతుంటే మనం తార్నాక దాటలేమా?" అంది. దాటాం. 35 కిలోమీటర్లు, అటూ ఇటూగా. కుర్రమిషనరీల మాదిరి ఇల్లిల్లూ తిరిగి తలుపులు తట్టాల్సిన నిర్బంధం అక్కడి ముసలి జంటలకి లేదని కూడా అందులోనే రాసి ఉంది. ఆ పేరా ఆవిడ కంట పడలేదు.

ఏదన్నా సణిగానా, డాక్టర్ ఇసబెల్ కెర్ గారు రంగంలోకి దిగుతారు. స్కాట్లండ్ ఆడమనిషి, 1907లో భర్త జార్జ్ కెర్‌తో నిజాం రాజ్యానికి వచ్చింది. కుష్ఠురోగుల్ని ఊళ్ళు వెళ్ళగొడుతున్న రోజుల్లో, 1915లో, నిజామాబాదు పక్కన డిచ్‌పల్లిలో వాళ్ళ కోసం వైద్యశాల మొదలుపెట్టింది. రాజా నర్సాగౌడ్ గారు విరాళమిచ్చారు. చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లు తప్ప ఆ రోగానికి చెప్పుకోదగ్గ మందు లేని కాలమది. "ఆవిడ అంత చేసింది, మీరు ఈ బీపీ మిషను బ్యాగు మొయ్యలేరా?" అంటుంది మా ఆవిడ. సికింద్రాబాదు నుంచి డిచ్‌పల్లి రైలు మన మేడ్చల్ మీదుగానే పోతుంది కాబట్టి, కెర్ దంపతులు మా ఇంటి ముందు నుంచే వెళ్ళినట్టు మాట్లాడుతుంది. నాకు మాత్రం ఆ కథలో జార్జ్ గారి మీదే గురి. ఇసబెల్ గారి గురించి చాలామంది రాశారు. ఆయన బ్యాగు మోశాడా లేదా అన్నది మాత్రం ఎవరూ రాసినట్టు నేను చూడలేదు. మోసే ఉంటాడు, పాపం.

ఆ కాలం మిషనరీలనెవరూ గజం అడిగి ఉండరు. మెదక్‌లో పాస్నెట్ దొర పదేళ్ళు తంటాలుపడి అంత చర్చి కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేయిస్తే, "ఈ జాగ ఎంతకు తీసుకున్నరు దొరా?" అన్నవాడు లేడనుకుంటాను. ఒంగోల్లో క్లౌ దొర 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ పని కాంట్రాక్టుకే తీసుకున్నాడు, ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి దొరకాలని. కాంట్రాక్టు తీసుకున్న మిషనరీని జనం నమ్మారు. ఏమీ తీసుకోని నన్ను నమ్మరు.

పోనీ వాళ్ళ తప్పా అంటే కాదు. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు. ఇప్పుడు ఎటు చూసినా రాళ్ళు పాతి, సున్నం కొట్టి, ఫ్లెక్సీ కట్టి ఉంది. అలాంటి చోట గొడుగు, బ్యాగు, పొడుగాటి రిజిస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగే అరవై దాటిన జంటని చూసి ఎవరు మాత్రం ఏమనుకుంటారు? "ఊకెనే వచ్చినం" అన్నాను ఒకరితో, నాకొచ్చిన తెలంగాణలో. "ఊకెనే ఎవరొస్తరు సార్, మాకు చెప్తే ఏంబోతది" అన్నాడు. మా ఆవిడ బీపీలు రాసుకునే రిజిస్టరు చూసి ఒకాయన, పాసుబుక్కులో తండ్రి పేరు తప్పు పడింది, ఇందులో దిద్దమన్నాడు. 160 బై 100 అని రాస్తే, పక్కనున్నాయన వంగి చూసి, "160 గజాలా, బిట్టు మంచిగుంది" అన్నాడు.

కానీ గజం గోల కన్నా ముందు కుర్చీ సంగతి చెప్పాలి.

పల్లెలో గృహదర్శనం అంటే ఏమిటో వెళ్ళినవాడికే తెలుసు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంట్లో కలకలం. "కుర్చెయ్, కుర్చెయ్!" లోపల్నుంచి ఒక ప్లాస్టిక్ కుర్చీ వస్తుంది. దాన్ని తువ్వాలతో తుడుస్తారు. అప్పటికే శుభ్రంగా ఉంటే ఇంకాస్త గట్టిగా తుడుస్తారు. నేను 84 కిలోలు. కూర్చోగానే దాని నాలుగు కాళ్ళు నాలుగు దిక్కులకి మెల్లగా జరగడం మొదలుపెడతాయి. మా వీధిలో మొదటి ఇంట్లో ఇచ్చిన కుర్చీ ఎర్రది. వీపు దగ్గర చీలితే, సూది కాల్చి చిల్లులు పొడిచి, కరెంటు తీగతో కుట్టారు. ఏడు కుట్లు. మా ఆవిడ వృత్తిరీత్యా మెచ్చుకుంది, "నీటుగా వేశారు" అని. రెండో ఇంటికి వెళ్ళాం. ఎర్ర కుర్చీ. ఊళ్ళో అందరూ ఒకే రంగు కొన్నారు కాబోలు అనుకున్నాను. మూడో ఇంట్లోనూ ఎర్రదే వచ్చేసరికి అనుమానమొచ్చి, తుడుస్తున్నప్పుడు వీపు చూశాను. ఏడు కుట్లు.

అప్పుడు గమనించాను. మేము ఒక ఇంట్లో లేచి వందనాలు చెబుతుండగానే, పదేళ్ళ పిల్లాడొకడు కుర్చీని తలమీద బోర్లించుకుని, కాళ్ళు ఆకాశానికి, వెనక సందులోంచి పరుగు. మేము చెప్పులు వేసుకుని, గొడుగు తెరిచి, కుక్కని తప్పించుకుని పక్కింటికి చేరేసరికి కుర్చీ అక్కడ కొత్తగా తుడిపించుకుంటూ ఉంటుంది. బాప్తిస్మమిచ్చు యోహాను మాదిరి మాకన్నా ఒక అడుగు ముందు. వీధి మొత్తానికి నా బరువుకి తట్టుకోగలదని నమ్మకం ఉన్న కుర్చీ అదొక్కటే అయ్యుండాలి. ఏడు ఇళ్ళు, ఏడు కుట్లు. చివరి ఇంటికి ఆ కుర్చీ మీద నాకు సొంత కుర్చీ మీద ఉన్నంత చనువొచ్చింది, ఏ కాలు మీద ఎంత బరువు వెయ్యాలో తెలిసిపోయింది. ఆ పిల్లాడికి ఏదో ఒకటి ఇవ్వాలనిపించి చాక్లెట్ ఇస్తే తీసుకుని, "సార్, మీరు గజాలోళ్ళేనా?" అన్నాడు.

ఇంటికొచ్చి మా అల్లుడికి ఫోన్లో చెప్పుకుంటే వాడూ విన్నాడు, నవ్వాడు. నవ్వి, "అయినా మామయ్యా, నిజంగా అక్కడ గజం ఎంతుంది?" అన్నాడు, టెక్సాస్ నుంచి.

ఆ ఏడో ఇల్లు ఒక అవ్వది. రోజుల తరబడి సణుగుతున్న నేను ఆ ఇంట్లో కాసేపు నోరు మూసుకున్నాను. ఆమె పట్టాదారు కాదు, ద్రాక్షతోటల్లో కూలికి వెళ్ళిన మనిషి. గుత్తులు కత్తిరించి కత్తిరించి బొటనవేలి పక్కన కాయ కాసింది, తోటలు పోయినా అది పోలేదు. కొడుకు మేడ్చల్‌లో ఉంటాడు. బీపీ చూస్తుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎన్నాళ్ళుంటరు బిడ్డా?" అంది. మా ఆవిడ మాట్లాడలేదు. అక్టోబరులో మా అమ్మాయి కాన్పు. టికెట్లు కొనడం అయిపోయింది. ఆర్నెల్లు టెక్సాస్‌లోనే.

మేము ఏమీ అనకపోయేసరికి అవ్వ తనే అంది, "గీడనే ఇంత జాగ తీసుకోరాదు? జాగుంటే మనిషి యాడికి పోతడు."

ఊరంతా గజం అడుగుతుంటే నన్ను బ్రోకర్ అనుకుంటున్నారనే మండిపడ్డాను. ఉంటావా, పోతావా అని అడగడానికి ఈ ఊళ్ళో ఇంకో మాట లేదేమో అని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఇసబెల్ కెర్ వచ్చింది 1907లో. పోయింది 1932లో. పాతికేళ్ళు. నేను మూడో నెలలో ఉన్నాను, క్యాలెండరులో అక్టోబరు చుట్టూ సున్నా చుట్టి.

మా ఆవిడ రిజిస్టరులో 170 బై 90 రాసి, మాత్రలు మర్చిపోవద్దని రెండుసార్లు చెప్పింది. నేను లేచాను. కుర్చీ నాలుగు కాళ్ళూ ఊపిరి పీల్చుకుని దగ్గరికొచ్చాయి. గుమ్మంలో పిల్లాడు చేతులు చాపి నిలబడి ఉన్నాడు.

"ఇంకో ఇల్లుందా సార్," అన్నాడు, "లేకపోతే ఇంటికి పట్టుకపోవాల్నా?"