పీతయు, కొబ్బరిచెట్టును

మా పాఠశాలలో స్కౌటుమాస్టరుగా నుండిన డ్రిల్లు మాస్టరుగారు బదిలీయై పోయినప్పుడు, ఆ ఖాళీ పదవి మొదట లెక్కల మాస్టరుగారి యింటికి బోయి, అరుగుమీది ట్యూషను పిల్లల రద్దీ చూచి మరలి, సైన్సు మాస్టరుగారి యింటికి బోయి, ఆయన మోకాటినొప్పికి జాలిపడి, డ్రాయింగు మాస్టరుగారి యింటికి బోయి, ఆయన ఎనమండుగురు సంతానమును చూచి బెదరి, తుదకు తిన్నగా వచ్చి తెలుగు పండితుడనైన నా నెత్తిన కూర్చున్నది. నేను సంధులు చెప్పుకొని బ్రదుకువాడననియు, ముడులతో నాకేమియు పనిలేదనియు ప్రధానోపాధ్యాయులవారికి విన్నవించుకొంటిని.

"సంధి అంటే ఏమిటండీ?" అని వారు నన్నే యడిగిరి.

రెండింటిని కలిపి యొకటి చేయుట యని చెప్పితిని.

"అదే చెయ్యండి. ఇన్నాళ్ళూ అచ్చుల్ని కలిపారు, ఇక తాళ్ళని కలపండి."

ఇరువదియేండ్లుగా సంధి చెప్పుచున్న నాకు ఆ వాదమున సందు దొరకలేదు. ఆ సాయంకాలమే ఒక ఈల, ఒక మెడగుడ్డ, పది బారల నూలుత్రాడు, అట్టలూడిన యొక యింగ్లీషు పుస్తకము మా యింటికి వచ్చినవి. పంచె విడిచి నిక్కరు తొడుగుటకు నాకు పట్టిన మూడు దినములను గూర్చి ఇచ్చట వ్రాయను.

ఆ పుస్తకము నన్ను మొదటి పుటనుండియు అరణ్యమునకు రమ్మని పిలుచుచుండెను. స్కౌటు ఉద్యమమునకు మూలపురుషుడైన బేడెన్ పవెల్ దొర 1907లో పిల్లలను కొందరిని బ్రౌన్‌సీ యను దీవికి గొనిపోయి గుడారములలో నుంచి పరీక్షించి, మరుసటి యేడు గ్రంథము ప్రకటించినాడు. 1917లో అనిబిసెంటమ్మగారు మదరాసున మన బాలురకొరకు వేరుగా ఒక సంఘము నెలకొల్పినారు. 1950లో బాలుర సంఘములు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయినవి. ఇంత చరిత్రలోను ఎవరికిని మా కోనసీమ గుర్తు వచ్చినట్లు లేదు. అడవిలో దారి తప్పినవాడు ఒక త్రాటితో ప్రాణము నెట్లు నిలుపుకొనవలెనో ఆ పుస్తకము చెప్పును. మా సీమలో దారి తప్పుదమన్నను తప్పనీయరు. ఫర్లాంగు నడచునప్పటికి ఒక కాలువయు, కాలువ దాటునప్పటికి ఒక కొబ్బరితోటయు, తోట దాటునప్పటికి ఒక కాఫీహోటలును ఎదురగును. ఎవరో యొకరు "ఏ ఊరండీ, ఎవరింటికండీ" అని యడిగి, మన తాతగారి పేరు రాబట్టి, బంధుత్వము తేల్చి, భోజనము పెట్టి, బస్సెక్కించి మరి పోవుదురు. నిజమైన యడవి కావలెనన్న రాజమహేంద్రవరము దాటి రంపచోడవరమునకో, అంతకు పైని మారేడుమిల్లికో పోవలెను. అచ్చటికి పోవుటకు పాఠశాల పద్దులో సొమ్ము లేదు. కావున అరణ్యమును తరువాత వెదుకుకొందమని, ముందు ముడులను పట్టుకొంటిని.

ప్రథమపాఠము రీఫ్ నాట్. కుడికొసను ఎడమకొసపై వేసి మెలిపెట్టి, పిమ్మట ఎడమకొసను కుడికొసపై వేసి మెలిపెట్టవలయును. అనగా మొదటి మెలి సవ్యము, రెండవది అపసవ్యము. ఇట్లు వేసిన ముడి చదునుగా అమరి, పనియున్నంతవరకు పట్టుకొని, పని తీరినంతనే రెండు ప్రక్కలను ఎదురెదురుగా నెట్టిన విడిపోవును. రెండు మెలికలును ఒక్క దిక్కునకే పడినచో అది పీటముడి. దాని స్వభావము లోకవిరుద్ధము: పట్టుకొనవలసినచోట జారును, విడిపోవలసినచోట బిగియును. సవర్ణములు రెండు కలిసిన దీర్ఘము వచ్చునని ఇన్నేండ్లు చెప్పితిని గాని, సవ్యములు రెండు కలిసిన పీటముడి వచ్చునని ఏ వైయాకరణుడును నాకు చెప్పియుండలేదు. తద్దినమునాడు పురోహితుడు కేకవేసిన తక్షణము సవ్యమునుండి అపసవ్యమునకు తిరుగు నా చేయి, త్రాటి దగ్గరకు వచ్చునప్పటికి ఎవరు కేకవేసినను సవ్యమునందే పాతుకొనిపోయెడిది. అభ్యాసార్థము మా వసారా స్తంభమునకును గోడ మేకునకును కట్టియున్న పాత దండెమును తీసివేసి, ఆ నూలుత్రాటిలో ఒక బారను శాస్త్రోక్తముగా కట్టి, ఇంటావిడను పిలిచి చూపితిని.

ఆమె ముడిని రెండుమార్లు లాగి చూచినది. "బాగుందండీ. విప్పడం కూడా ఆ పుస్తకంలో ఉందా?" అన్నది.

ఈ ముడి సామాన్యమైనది కాదు. దీనికి హెరాక్లీసుని ముడి యని పురాతన నామము. హెరాక్లాస్ అను గ్రీకు వైద్యుడు కట్లు కట్టుటకు పనికివచ్చు ముడులను ఉచ్చులను పదునెనిమిదింటిని వివరించినాడు. మనకు పురాణము లెన్నియో వారికి ముడు లన్ని. ఈ ముడితో కట్టిన గాయము త్వరగా మానునని ప్లినీ యను రోమకుడు వ్రాసినాడు. రోమకుల వివాహములలో వధువు నడికట్టును ఈ ముడితోనే బిగింతురట, దానిని వరుడు విప్పవలెనట. మన వరుడు ముడి వేయుటవరకే బాధ్యుడు. విప్పు పరీక్ష పెట్టని మన పూర్వులకు నేను సర్వదా కృతజ్ఞుడను. అందులోను నా వివాహమున మూడుముళ్ళలో నావి రెండే; నా వేళ్ళ తడబాటు చూడలేక మా అక్కగారు "తప్పుకోరా" యని మూడవది తానే వేసినది. ఇన్నేండ్లును ఆ సూత్రము నిలిచియుండుటకు అం దే ముడి కారణమో నేను విచారింపలేదు.

నేను నిరుత్సాహపడియున్న ఆ దినములలోనే, క్లిఫర్డ్ ఆష్లే యను అమెరికా దేశస్థుడు పదునొకండేండ్లు శ్రమించి 1944లో ప్రకటించిన గ్రంథమున 3,800కు పైబడి ముడులున్నవని ఒక మిత్రుడు ఉత్తరము వ్రాసినాడు. ఒక్క ముడి వేయలేక కూర్చున్నవానికి అట్టి వార్త చెప్పువాడు మిత్రుడెట్లగునో తెలియదు.

రెండవ పాఠము బోలైన్. నావికులు దీనిని ముడులలో రాజందురు. దీనితో వేసిన ఉచ్చు ఎంత లాగినను బిగియదు. నీటబడినవాని నడుమునకు తగిలించి పైకి లాగినను ఊపిరాడును. దొరల పిల్లలకు దీనిని ఒక కుందేలు కథగా నేర్పుదురు: కుందేలు బొరియనుండి పైకి వచ్చి, చెట్టు చుట్టు తిరిగి, మరల బొరియలో దూరును. త్రాటి కొస కుందేలు, చిన్న చుట్టు బొరియ, నిలువు త్రాడు చెట్టు. మా పిల్లలలో కుందేలును చూచినవాడు లేడు కనుక, పండితుని స్వాతంత్ర్యముతో కుందేటిని తీసివేసి పీతను ఆదేశముగా జేసి, చెట్టును కొబ్బరిచెట్టు చేసి, పొలముగట్టు కన్నములోనుండి పీతను బయలుదేరదీసితిని. అది నా జీవితమున జేసిన ఆదేశము లన్నింటిలో అనర్థదాయక మైనది.

"మేష్టారండీ, పీత అడ్డంగా కదండీ నడుస్తుందీ?"

"కన్నంలోంచి వచ్చింది మళ్ళీ కన్నంలోకే ఎందుకెళ్ళిందండీ?"

"మగ పీతాండీ, ఆడ పీతాండీ?"

ఈ ప్రశ్నోత్తరముల నడుమ పీత చెట్టు చుట్టు ఎటు తిరుగవలెనో నేనే మరచి, త్రాటితో నాలుగైదు ప్రదక్షిణములు చేయించితిని. వెనుక బల్లమీద కూర్చుండి, లెక్కలలోను తెలుగులోను సమానముగా తప్పుచుండు ఒక కుఱ్ఱవాడు లేచి వచ్చి, నా చేతిలోని త్రాడు తీసికొని, కనుఱెప్ప పాటులో ఆ ముడి వేసి, నా మణికట్టునకు తగిలించి లాగి చూపినాడు. ఎక్కడ నేర్చితివని యడిగితిని. "ఇది దూడ పలుపండి. బిగిసిపోతే దూడ చచ్చిపోద్దండి" అన్నాడు. వాని కథలో పీతయు లేదు, చెట్టును లేదు. దూడ మెడ మాత్రమే యున్నది.

1962 మాఘమాసమున మా అరణ్యవాసము నిర్ణయమైనది. యానామునకు ఎగువ గౌతమి నడుమనున్న యొక లంకను అరణ్యముగా భావింప నిశ్చయించితిమి. అందు ఒక ప్రక్క పొగాకు తోటయు, ఒక ప్రక్క ఇసుకతిన్నెయు గలవు. తిన్నెపై నిలిచి పొగాకు వైపు చూడకున్నచో అరణ్యమువలెనే యుండును. ఇరువదినలుగురు పిల్లలను, బియ్యపు మూటను, చింతపండును, గోంగూర పచ్చడి జాడీని నాటుపడవలో దాటించిన ముసలి పడవవాడు, సాయంకాలము లంకలోని తన బంధువుల గుడిసెకు పోవుచు పడవను గుంజకు కట్టబోగా, పిల్లల యెదుట నా విద్య ప్రకటించుకొను దుర్బుద్ధి నాకు పుట్టినది. "నువ్వుండు, నేను కడతాను" అంటిని. అతడు ఒక్క క్షణము నావైపును, ఒక్క క్షణము గోదావరివైపును చూచి, త్రాడు నా చేతికిచ్చి పోయినాడు.

నేను వేసినది క్లోవ్ హిచ్. గుంజ చుట్టు రెండు చుట్లు త్రిప్పి రెండవ చుట్టు క్రిందనుండి కొసను దూర్చునది. చూచుటకు సుందరమైనది, లాగి చూచిన కదలనిది. ఇది నిలుకడయైన భారమును ఒక్క దిక్కున మోయుటకే తగినదనియు, భారము అటునిటు ఊగులాడు నున్నని గుంజమీద మెల్లమెల్లగా వదులగుననియు ఆ పుస్తకములోనే ఎక్కడనో యుండియుండును. అట్టలూడినప్పుడు కొన్ని పుటలు కూడ ఊడినవి. గుంజ సరుగుడుది, నున్ననిది. అచ్చట గౌతమికి సముద్రపు పోటుపాటులు తగులును. మొదటిజామున పోటు ఎగదన్నినప్పుడు పడవ ముక్కు ఒక వైపునకు తిరిగియుండును. అర్ధరాత్రి దాటి పాటు పట్టినప్పుడు రెండవ వైపునకు తిరిగియుండును. ఆ తిరుగుటలో నా సుందరమైన ముడి తన చుట్లను తానే విప్పుకొని, తెల్లవారునప్పటికి గుంజను ఒంటరిగా నిలిపి పోయెను. పడవతో బియ్యమును, గోంగూర జాడీయు పోయినవి. నేను గుంజ దగ్గఱ నిలువబడి, పుస్తకములో చెప్పిన అరణ్యము తుదకు ప్రాప్తించెనని గ్రహించితిని.

ముసలివాడు వచ్చినాడు. గుంజను చూచినాడు, తడిసిన ఇసుకను చూచినాడు, నన్ను చూచినాడు. మా మండలమున తిట్టెడివానిని ఓర్చుకొనవచ్చును గాని పొగడెడివానిని ఓర్చుకొనలేము.

"ఆయ్, ముడి బాగానే ఉందండి పంతులుగారూ. పడవే ఊరుకోలేదండి" అన్నాడు.

పడవ ఎంతో దూరము పోలేదు. దిగువ లంక మొగను నాచులో చిక్కుకొనియుండగా అతని మనుమడు ఈదిపోయి తెచ్చినాడు. జాడీ పగులలేదు, మూత మాత్రము లేదు. అప్పుడు ముసలివాడు కొబ్బరిపీచు మోకుతో గుంజకు రెండు నిండు చుట్లు చుట్టి, కొసను త్రాటిమీదనే ఒకదానివెంట నొకటిగా రెండు మెలికలు వేసినాడు. చుట్లు భారము మోయును, మెలికలు చుట్లను కాచును. పడవ ఎటు తిరిగినను చుట్టే అరుగును గాని మెలికకు తగులదు. ఒకే మెలిక రెండుమార్లు వచ్చినది కావున దీనికి ఆమ్రేడితమని నామకరణము చేయవచ్చునని నాకు వెంటనే తోచి, సంతోషముతో "దీన్నేమంటారు?" అని యడిగితిని.

"ఏవంటావండీ, పడవ ముడంటాం."

"మరి దూడకి వేసేది?"

"దూడ ముడండి."

"తాడు తెగితే అతికేది?"

అతడు నన్ను జాలిగా చూచినాడు. "అతుకు ముడండి. మీరు సదూకున్నారు కదండీ, తెలీదాండీ?"

ఏజన్సీలో వెదురు కొట్టి తెప్పలుగా కట్టి గోదావరిమీద రాజమహేంద్రవరమునకు దింపుకొని వచ్చువారును, కాళ్ళకు బందము తగిలించి అఱువది యడుగుల చెట్టెక్కి కొబ్బరి దింపు తీయువారును, తెగిన పోగును రెండువ్రేళ్ళ నడుమ చూడకయే అతుకు ఉప్పాడ నేతగాండ్రును, తాళ్ళరేవున ఓడలు కట్టిన వారును, ఓడలెక్కి బర్మాకు పోయి అచ్చట తెలుగువారందరికిని కోరంగీలను పేరు తెచ్చిపెట్టిన కోరంగి రేవువారును వేయని ముడి లేదు గదా, వారిలో ఒక్కడైనను వానికి పేరు పెట్టలేదేమని ఆ రాత్రి గుడారములో ఆలోచించితిని. నేతగాని అతుకును దొరలు షీట్ బెండ్ అందురని ఆ మందలో నాకొక్కనికే తెలియును. వేయుట తెలియనిదియు నాకొక్కనికే. గుడారము కూడ ఆ రాత్రియే కూలినది గాని, ఆ కథ చిన్నది: దాని త్రాళ్ళన్నియు నేనే కట్టితిని.

నూలుత్రాడు తడిసిన కుఱుచయై ముడి ఱాయివలె బిగియునను సత్యమును ఆ లంక మంచు నాకు మరునాడు బోధించినది. పిల్లల పక్కచుట్టలకు నేను వేసిన ముడులు విడివడక, తక్కిన రాత్రి పదునొకండుగురు ఇసుకపైననే పండుకొనిరి. వారికది శిక్షణయని చెప్పితిని.

తరువాతి నెలలో పరీక్షాధికారి వచ్చినప్పుడు పిల్లలందరును ఉత్తీర్ణులైరి. పడవవాని మనుమడు ఆ మూడు రాత్రులును మంట దగ్గఱ కూర్చుండి వారికి పడవ ముడియు, దూడ ముడియు, అతుకు ముడియు నేర్పియుండెను. నేను వారికి ఇంగ్లీషు పేర్లు మాత్రము వల్లెవేయించితిని. అధికారి నా బోధనాపద్ధతిని మెచ్చుకొని, నన్ను కూడ ఒక ముడి వేయుమని కోరగా, హెరాక్లాసుని పదునెనిమిది ముడులనుండి ప్రారంభించి బస్సు వేళ యగువరకు ఉపన్యసించి తప్పించుకొంటిని.

ఇది జరిగి నాలుగేండ్లయినది. ఆ పదవి ఇప్పుడు మరొకరి నెత్తిమీద కూర్చున్నది. ఈలను, మెడగుడ్డను పాఠశాలకు అప్పగించితిని గాని, పది బారల త్రాటిలో తొమ్మిది బారలకే రసీదు పుచ్చుకొంటిని. తక్కిన బార మా వసారాలో దండెమై యున్నది. వర్షమునకు తడిసి, ఎండకు ఎండి, స్తంభము దగ్గఱ నా ప్రథమ రీఫ్ నాట్ ఏకశిలయై పోయినది. ఇంటావిడ దానిని గోళ్ళతోను, మేకుతోను ప్రయత్నించి, కత్తిపీట తెచ్చినది గాని, బట్టలారవేయుటకు మరి త్రాడు లేదని మానుకొన్నది. మొన్న సంక్రాంతికి ఇల్లు వెల్లవేయ వచ్చినవాడు దండెము తీసి పని చేయుదునని నిచ్చెనమీదనే కూర్చుండి అరగంట ఆ ముడితో పెనగులాడి, "ఇదెవరేశారండీ బాబూ?" అని యడిగి, నేను మాటాడకుండుట చూచి, ముడికి కూడ నిండుగా రెండు పూతలు వెల్లవేసి దిగిపోయినాడు.