పుణె కోళ్లు, బ్లాక్‌బర్న్ కూతలు

2012 మే 7. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, బ్లాక్‌బర్న్ రోవర్స్ సొంత మైదానం ఈవుడ్ పార్క్‌లో విగన్‌తో చావోరేవో మ్యాచ్. ఆట మొదలై ఎంతోసేపు కాలేదు, స్టాండ్స్ వైపు నుంచి ఓ కోడి మైదానంలోకి దిగింది. బొమ్మ కాదు, నిఖార్సయిన కోడి. ఒంటికి రోవర్స్ జెండా చుట్టి ఉంది. గడ్డి మీద కాలు మోపడం ఆలస్యం, తోచిన దిక్కుకి పరుగు లంకించుకుంది. ఆ సీజన్‌లో రోవర్స్ రంగులు వేసుకున్నవాళ్లలో ఇంత చురుకుదనం చూసి ఎన్నాళ్లయిందో పాపం ఆ జనం. దాన్ని పట్టి బయటికి పంపాక ఆట సాగింది. చివర్లో విగన్ డిఫెండర్ ఆల్కరాస్ గోల్ కొట్టాడు. రోవర్స్ 0-1తో ఓడి, పదకొండేళ్లుగా ఉంటున్న ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది.

కోడే ఎందుకంటే, యజమానులది కోళ్ల వ్యాపారం. పుణెకు చెందిన వెంకీస్ వాళ్లు 2010 నవంబరులో 2.3 కోట్ల పౌండ్లు పోసి ఈ క్లబ్‌ను కొన్నారు. ఆ సంస్థకు పునాది వేసిన బండ వాసుదేవరావు, అంటే బి.వి. రావు, మన తెలుగువాడే. దేశంలో కోళ్ల పరిశ్రమకు ఆద్యుడని పేరు. గుడ్డు తినండి బాబూ అని ఊరూరా చెప్పించిన ‘నెక్’ అనే కోళ్ల రైతుల సంఘం కూడా ఆయన చలవే. ఆయన 1996లోనే పోయారు, క్లబ్ కొన్నది వారసులు. అయినా లాంకషైర్‌లో రాలుతున్న తిట్లలో మనకూ దూరపు చుట్టరికం ఉందన్నమాట.

వచ్చీ రాగానే కొత్త యజమానులు బ్రెజిల్ మేటి రొనాల్డీన్యోకి కబురు పంపారు. ఆయన ఫ్లమెంగోకి వెళ్లిపోయాడు. పట్టుమని నెల తిరగకుండానే, జట్టును పదమూడో స్థానంలో నిలబెట్టిన మేనేజర్ శామ్ అలర్డైస్‌ను ఇంటికి పంపారు. ఆటగాళ్లను డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి, చికెన్ తింటున్నట్టు ఒక ప్రకటన తీశారు. చూసిన అభిమానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిందికి జారాక మేనేజర్ల కుర్చీకి కుదురే లేకుండా పోయింది. హెన్నింగ్ బెర్గ్ 57 రోజులున్నాడు, మైకేల్ యాపిల్‌టన్ 67 రోజులు. బెర్గ్ కోర్టుకెక్కి 22.5 లక్షల పౌండ్లు రాబట్టుకున్నాడు. రోజుకెంత పడిందో లెక్కేస్తే, ఫుట్‌బాల్‌లో అంత లాభసాటి ఓటమి మరొకటి కనబడదు.

ఇన్ని చూశాక మామూలు ఖాతాదారుడైతే ఏం చేస్తాడు? పక్క దుకాణానికి పోతాడు. పక్క దుకాణం ఉంది కూడా, పేరు బర్న్‌లీ. కూతవేటు దూరమే. కానీ బ్లాక్‌బర్న్‌లో పుట్టినవాడు ఇల్లు మార్చొచ్చు, మతం మార్చొచ్చు, బర్న్‌లీ చొక్కా మాత్రం తొడగడు. డబ్బున్నవాళ్లు క్లబ్ కొనేటప్పుడు నిజంగా కొనేది ఈ మొండితనాన్నే. గడ్డీ గోల్‌పోస్టులూ దాంతో పాటు కొసరు.

2016 అక్టోబరులో అభిమానులు నిరసనకి దిగారు. క్లబ్ పుట్టింది 1875లో కాబట్టి, వుల్వ్స్‌తో మ్యాచ్‌కి 18వ నిమిషంలో లోపలికి వెళ్లి 75వ నిమిషంలో బయటికి రావాలని పిలుపు. చరిత్ర మీద ప్రేమ, యజమాని మీద కోపం రెండూ ఒక్క దెబ్బకి. చిక్కల్లా ఒక్కటే: 18వ నిమిషంలో లోపలికి వెళ్లాలన్నా ముందు టికెట్ ఉండాలి! అదే ఏడాది ఫిబ్రవరిలో లివర్‌పూల్ వాళ్లు 77 పౌండ్ల టికెట్ ధర మీద అలిగి, సండర్లాండ్‌తో మ్యాచ్‌లో 77వ నిమిషాన వేల సంఖ్యలో లేచిపోయారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. వాళ్లు అటు వెళ్లగానే రెండు గోల్స్ సమర్పించుకుని 2-2తో ముగించింది. నాలుగు రోజులకల్లా యజమానులు దిగొచ్చి క్షమాపణ చెప్పారు, ఆ ధర రద్దయింది. బ్లాక్‌బర్న్‌లో అలాంటి ముచ్చటేమీ జరగలేదు. 2017లో జట్టు మూడో అంచెకు దిగజారింది, ఏడాదికి మళ్లీ రెండో అంచెకు ఎక్కింది.

ఇక్కడ అభిమానుల పక్షాన వాదించేవాళ్లు దాటేసే మాట ఒకటుంది. రోవర్స్ 1995లో ఇంగ్లండ్ విజేత అయిందంటే, అది డబ్బు సంచుల బలం. ఆ ఊళ్లోనే పుట్టిన ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ 1991లో క్లబ్‌ను చేతిలోకి తీసుకుని, షియరర్‌ని, సటన్‌ని రికార్డు ధరలకు తెచ్చాడు. టైటిల్ కొనుక్కున్నారని తక్కిన ఇంగ్లండంతా అప్పుడు నొసలు చిట్లించింది. బ్లాక్‌బర్న్ మాత్రం ఆయనకి మైదానం బయట కంచు విగ్రహం పెట్టింది. వెంకీస్ కూడా తక్కువేమీ పోయలేదు, ఇన్నేళ్లలో 20 కోట్ల పౌండ్లు దాటింది. విగ్రహం మాట ఎవరూ ఎత్తరు. ఊరివాడు పోస్తే ప్రేమ, పైవాడు పోస్తే పెత్తనం. పైగా వాకర్ డబ్బుకి కప్పొచ్చింది, ఇది అసలు కారణం. గెలిచిన చోట డబ్బు వాసన ఎవరికీ తగలదు.

చివరికి కథ ఢిల్లీకి చేరింది. వెంకీస్ విదేశాలకు పంపే సొమ్ము మీద ఈడీ దర్యాప్తు మొదలయ్యాక, 2023 నుంచి క్లబ్‌కి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సొచ్చింది. పంపినంత మొత్తానికీ బ్యాంకు గ్యారంటీ చూపాల్సొచ్చింది. ఈలోగా 2024 ఫిబ్రవరిలో, బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి క్లబ్ అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్‌ను 1.8 కోట్ల పౌండ్లకు క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మేశారు. ఈ కోర్టు గొడవతో లాంకషైర్ పబ్బుల్లో బీరు ముందేసుకుని భారత విదేశీ మారక చట్టం మీద చర్చించేవాళ్లు తయారయ్యారు. శనివారం మ్యాచ్ ఎవరితో అన్న దాని పక్కనే, హైకోర్టు వాయిదా ఎప్పుడన్నదీ వాళ్లకి నోటికొచ్చు. కేసు మళ్లీ వాయిదా పడిందంటే జడ్జిని తిట్టాలో యజమానిని తిట్టాలో తేల్చుకోలేక, శనివారం దాకా ఓపిక పట్టి, రిఫరీని తిట్టేస్తారు.