కాళ్లు చాపుకునే బండి

నా నంబరు ఏపీ 28తో మొదలవుతుంది. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న 2013లో, రంగారెడ్డి జిల్లాలో రిజిస్టరైన బండిని. థండర్‌బర్డ్ 350ని. నన్ను కొన్నాయన అప్పుడే పుప్పాలగూడలో ఫ్లాటు తీసుకున్నాడు. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం. షోరూములో నా పక్కనే క్లాసిక్ 350 నిలబడి ఉంది. ముందు దాని మీద కూర్చుని చూశాడు. తర్వాత నా మీదికొచ్చాడు, ఇక దిగబుద్ధి కాలేదు. హ్యాండిలు తనంతట తానే చేతుల దగ్గరికొచ్చింది, కాళ్లు చాపుకున్న చోట ఫుట్‌రెస్టులు దొరికాయి. 20 లీటర్ల ట్యాంకు మీద అరచేత్తో ఓసారి తట్టి, ‘ఇదే’ అన్నాడు.

చిత్రమేమిటంటే, మా ఇద్దరిలోనూ ఇంజను ఒకటే. 346 సీసీ, ఒకే సిలిండరు, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. తేడా అంతా మనిషిని కూర్చోబెట్టే తీరులో ఉంది. క్రూజరు అమెరికా రోడ్ల మీద పెరిగిన పద్ధతి. గంటలకు గంటలు మలుపు రాని దారి కాబట్టి సీటు కిందికి దించారు, ఫుట్‌రెస్టులు ముందుకు జరిపారు, హ్యాండిలు వెనక్కి వంచారు. వీపు వాల్చి, చేతులు సడలించి పోతూ ఉండొచ్చు. స్టాండర్డు బండి మీద పాదాలు మోకాళ్ల కిందే ఉంటాయి, నడుము నిటారుగా ఉంటుంది, కావాలంటే ఫుట్‌రెస్టుల మీద బరువు వేసి కాస్త పైకి లేవొచ్చు. ఎజ్డీ, రాజ్‌దూత్, పాత బుల్లెట్, మీ నాన్నలు తోలిన బళ్లన్నీ అలాంటివే.

నా మంచి రోజులు ఆదివారాలు. తెల్లవారకముందే నార్సింగి దాటి, అప్పా జంక్షన్ దగ్గర బీజాపూర్ రోడ్డెక్కేవాళ్లం. మొయినాబాద్ దాటాక చేవెళ్ల మర్రిచెట్లు మొదలవుతాయి. అప్పట్లో ఆ దారి పొడవునా దాదాపు 900 మర్రులు. ఊడలు రోడ్డు మీదికి దిగి, పైన కొమ్మలు రెండు వైపుల నుంచీ కలుసుకుని ఉంటాయి. ఎండాకాలంలో కూడా ఆ నీడలోకి వెళ్లగానే నా సిలిండరు రెక్కలకు తగిలే గాలి మారిపోయేది. రోడ్డు వెడల్పు చేయాలన్న మాట వచ్చినప్పుడల్లా ఆ చెట్ల కోసం జనం కోర్టుదాకా వెళ్లారంటే నాకు ఆశ్చర్యం లేదు. టాప్ గేరులో, అరవై డెబ్బై వేగంలో, ఒక్కో పేలుడూ విడిగా వినిపిస్తుండగా ఆ చెట్ల కింద పోతే ఎవరికైనా అర్థమవుతుంది. మూసీ పుట్టే అనంతగిరిదాకా వెళ్లి, వికారాబాదులో టిఫిన్ చేసి వచ్చేవాళ్లం. ఆ దారిలో ఆయనకు నడుము నొప్పి అన్న మాట ఎప్పుడూ రాలేదు.

వారం మొదలైతే మాత్రం పుప్పాలగూడే. నేను వచ్చినప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్ల మధ్య ఇంకా గుట్టలుండేవి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్లతో. 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. దాన్ని పగలగొట్టి పునాదులు తీశారు. పునాదుల్లోంచి ముప్ఫై, నలభై అంతస్తులు లేచాయి. 2018లో మణికొండ, నెక్నాంపూర్‌లతో కలిపి మున్సిపాలిటీ చేశారు. రోడ్డు మాత్రం ఊరి రోడ్డుగానే ఉండిపోయింది. దాని మీదే రెడీమిక్స్ లారీలు, నీళ్ల ట్యాంకర్లు, స్కూలు బస్సులు, ఆఫీసు క్యాబులు. పైపు కోసం తవ్వి పూడ్చిన చోట ఎత్తు, మ్యాన్‌హోల్ మూత దగ్గర పల్లం, ప్రతి గేటు ముందూ ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకరు.

ఇక్కడ నన్ను బాగా బాధపెట్టిన సంగతొకటి చెప్పాలి. మా బాల్కనీ లోంచి చూస్తే ఔటర్ రింగు రోడ్డు కనిపిస్తుంది. 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, ఎక్కడా సిగ్నలు లేదు. కాళ్లు చాపుకుని పోయే బండికి అంతకన్నా ఏం కావాలి? కానీ దాని మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. అంత వేగంలో కార్లు పోయే చోట మమ్మల్ని ఆపడం న్యాయమే. మాకు దక్కింది పక్కనున్న సర్వీసు రోడ్డు. ఆ సర్వీసు రోడ్డు మీద పోతూ పైకి చూడటం నాకు అలవాటైంది.

ఆయనకు నడుము నొప్పి ఆ ఊరి రోడ్డు మీదే మొదలైంది. కాళ్లు ముందుకు చాపి కూర్చున్న మనిషి గుంత వచ్చినప్పుడు లేవలేడు. బరువంతా వెన్నుపూస అడుగు మీదే ఉంటుంది, దెబ్బా అక్కడే తగులుతుంది. తప్పు నాది కాదు, నన్ను చేసినవాళ్లదీ కాదు. సాఫీగా సాగే దారికి గీసిన ఆకారం నాది. ఇక్కడేమో పది అడుగులు కదలడం, ఆగడం, కాలు దించడం. ముందున్న పాదాన్ని వెనక్కి తెచ్చి నేల మీద ఆనించి, మళ్లీ ముందుకు పెట్టడం. నా క్లచ్ లీవరు చూడండి, నల్లరంగు రెండు వేళ్ల మేర ఊడి లోపలి లోహం మెరుస్తోంది. ఆయన ఎడమచేతి చూపుడు వేలు, నడి వేలు. హైవే మీద ఆ రంగు పోదు.

మణికొండలో నన్ను చూసే మెకానిక్ ఒక్కముక్కలో తేల్చేశాడు. ‘బండికేం కాలే సార్. ఈ బ్రేకర్ల మీద కొంచెం లేవాలె. దీని మీద లేవనీకి రాదు.’

అప్పటికి పాత రూపంలో కొత్త బళ్లు వరసగా వస్తున్నాయి. 2018లో జావా తిరిగొచ్చింది. 2020లో హోండా వాళ్ల హైనెస్ సీబీ350 దిగింది. అదే ఏడాది నా పేరుతో బళ్లు చేయడం ఆపేసి, నా స్థానంలో మీటియోర్‌ను తెచ్చారు. 2021 సెప్టెంబరులో క్లాసిక్ మొత్తం కొత్త ఇంజనుతో వచ్చింది. 349 సీసీ, లోపల బ్యాలెన్సర్ షాఫ్టు. టెస్ట్ రైడ్‌కు వెళ్లొచ్చి నా పక్కన ఆపినప్పుడు దాని అద్దం చూశాను. ఇంజను నడుస్తున్నా అందులో వెనక గోడ కదలకుండా ఉంది. నా అద్దంలో ఎప్పుడూ అలా లేదు. తూకంలో అది నాకన్నా తేలికేమీ కాదు, 195 కిలోలు. సీటు కూడా నాకన్నా ఎత్తే, 805 మిల్లీమీటర్లు. అయినా పాదం కింద నేల తిన్నగా దొరుకుతుంది, హ్యాండిలు తిప్పితే ఇరుకు సందులో వెంటనే మాట వింటుంది, కూర్చున్న మనిషి కారు పైకప్పుల మీదుగా ముందేముందో చూడగలడు. నాకు ఈర్ష్య కలగలేదు. ఆ పూట బేస్‌మెంట్ ర్యాంపు ఎక్కి వచ్చిన ఆయన మొహం చూశాను కదా.

అడ్డు చెప్పింది ఆయన భార్యే. ఏళ్ల తరబడి నా బ్యాక్‌రెస్టుకు ఆనుకుని కూర్చున్న మనిషి. కొత్త బండి వెనక సీటు చేత్తో నొక్కి చూసి, ‘మీకేం, హ్యాండిలు పట్టుకుంటారు. నేను దేనికి ఆనుకోవాలి?’ అంది.

‘బ్యాక్‌రెస్టు విడిగా దొరుకుతుంది, పెట్టిస్తాలే.’

‘ముందు అది పెట్టించండి. తర్వాతే నేనెక్కేది.’ అది బిగించేదాకా నిజంగానే ఎక్కలేదు. ఆమె మాటలో నాకు దక్కిన గౌరవం నాకు తెలుసు.

ఆ కొత్త బండి వచ్చాక నన్ను కొన్నది పరిగి కుర్రాడు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు నా ట్యాంకు మీద కాగితం పెట్టే జరిగాయి. ఆర్‌సీ 2028దాకా ఉందని ఆయన చూపించాడు. పెట్రోలు ఫుల్ చేసి ఇచ్చాడు. ‘తమ్ముడూ, పొద్దున స్టార్ట్ చేయంగనే రేజ్ చేయకు. ఒక నిమిషం ఊరికే నడవనీ’ అని చెప్పి, మాట పూర్తి కాకుండానే లిఫ్టు వైపు నడిచాడు. నేను మళ్లీ అప్పా జంక్షన్ దగ్గర కుడికి తిరిగాను.

ఈ కుర్రాడికి పరిగిలో ఎరువుల దుకాణం ఉంది. రోజూ వికారాబాద్, మహబూబ్‌నగర్ వైపు తిరుగుడు. రోడ్డు తిన్నగా ఉంటుంది, బ్రేకర్లు ఊళ్ల దగ్గరే వస్తాయి. పొడుగు మనిషి, కాళ్లు హాయిగా చాపుకుంటాడు. ఈ కార్తీకంలో శ్రీశైలం పోదామంటున్నాడు. జడ్చర్ల, కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్లను వదలరు, కాబట్టి వెలుతురులోనే ఆ అడవి దాటాలి. వెనక టైరు అరిగింది, బయల్దేరేలోపు మార్పించాలి. చెయిన్ కూడా ఓసారి చూపిస్తే మంచిది.