అడగందే మాట్లాడనిది

ఎమ్మిగనూరులో ఒక మనిషికి పేస్‌మేకర్ పెట్టినారంటే, ఆ మనిషికి తప్ప ఊరందరికీ దాని సంగతి తెలిసిపోతుంది. నేను కర్నూలు నుంచి ఇంటికొచ్చిన రోజే పాఠాలు మొదలైనాయి. మిక్సీ పక్కన నిలబడొద్దన్నారు. ఉరిమితే వాకిట్లోకి రావొద్దన్నారు. "రాత్రిపూట చార్జింగ్ యాడ పెడతావు మామా?" అని మా మేనల్లుడు నా చొక్కా కింద పిన్ను కోసం చూసినాడు. చార్జింగ్ లేదు, బ్యాటరీ సుమారు పదేండ్లు వస్తుంది, అయిపోతే తీగెలు బాగుంటే అట్లే ఉంచి పెట్టె ఒక్కటే మారుస్తారు అని చెప్తే వాడు నమ్మలేదు. వాళ్లింట్లో ఇన్వర్టరు బ్యాటరీ మూడేండ్లకే పోయిందంట.

జరిగింది చిన్నదే. నా గుండె అప్పుడప్పుడు కొట్టుకోవడం మరిచిపోతుండేది. అది మరిచినప్పుడల్లా నేను కళ్లు తిరిగి పడిపోతుంటి. ఎడమ భుజం కింద, మెడ ఎముకకు ఆనుకొని చర్మం కోసి, అగ్గిపెట్టె కంటే పలచనిదొకటి లోపలికి దోపి, దాని తీగెలను రక్తనాళంలోంచి గుండెలోకి దింపినారు. మత్తు ఆ కోసిన చోటికే. లోపల పని జరుగుతుంటే డాక్టరు నాతో ఆదోని పత్తి రేటు మాట్లాడినాడు. రేటు పడిపోయింది, గుండె లేచింది.

అసలు కష్టం ఇంటికొచ్చినాక. తీగెలు లోపల కుదురుకొనేదాకా, నెలా నెలన్నర, ఎడమ చేయి భుజానికి మించి ఎత్తకూడదు, బరువు మోయకూడదు. అట్లని అసలే కదపకుండా కట్టేసుకుంటే భుజం పట్టేస్తుందంట. ఎత్తినా తప్పే, ఎత్తకున్నా తప్పే. పెండ్లయినప్పటి నుంచి అలవాటైన పద్ధతే కాబట్టి దానికి నేను పెద్దగా బాధపడలేదు. బనియన్ మాత్రం ఏడిపించింది. తలమీంచి తొడగనీకి రాదు, పైకి లాగనీకి రాదు.

మాచాని సోమప్పగారు 1938లో పెట్టిన సొసైటీకి మా నాయన నేసినాడు, నేనూ నేసినా. గుంట మగ్గం మీద కుడి చేయి తాడు గుంజితే నాడె పోతుంది, ఎడమ చేయి అచ్చును దగ్గరికి లాగి పోగును బిగిస్తుంది. ఇప్పుడు ఎడమ చేతికి సెలవు. మగ్గం ఆగిపోయేసరికి మా ఆవిడకు మధ్యాహ్నం నిద్ర పట్టడం మానేసింది. "ఏమయ్యా, ఇల్లంతా ఇట్ల సద్దు లేకుండా ఉంటే భయమేస్తాది" అంది. నాకేమో అదే నిశ్శబ్దంలో గుండె వినబడుతుండేది. వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం. రాత్రి లేచి మణికట్టు పట్టుకొని లెక్కపెట్టుకుంటుంటి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఆ పెట్టె అంచు చర్మం కింద వేలికి తగులుతుంది. వేలు తీసేస్తా, మళ్లీ పెడతా. టీవీ సీరియల్‌లో ఎవరో అత్తగారికి జ్వరమొస్తే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినాయి. ఆమె మంచి అత్తగారు కూడా కాదు.

తువ్వాల ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మారింది. ఎడమ జేబులో సెల్లు పెట్టుకోవద్దు, ఎడమ చెవికి ఆనించొద్దు అన్నారు. నా కుడి చెవి అంతంత మాత్రమే. దాంతో మా బావమరిది ఫోన్ చేసి అప్పడిగే భాగం నాకు సరిగా వినబడడం లేదు. వైద్యంలో ఇట్లాంటి లాభాలను ఎవరూ ముందుగా చెప్పరు.

పుష్యమాసంలో నీలకంఠేశ్వరుని జాతర వచ్చింది. రథం కదిలితే జనమంతా రెండు చేతులూ పైకెత్తి మొక్కుతున్నారు. నేను కుడి చేయి ఒక్కటే ఎత్తినా. పక్కనున్న పెద్దాయన ఒకాయన ఎగాదిగా చూసి, "ఏమప్పా, వార్డుకు నిలబడుతుండావా?" అనడిగినాడు.

ఆ దిగులు రోజుల్లో నాకు ధైర్యం చెప్పింది స్వీడన్ దేశపు ఆర్నే లార్సన్. 1958లో లోకంలో మొట్టమొదట ఒంటి లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్నది ఆయనే. ఆయన భార్య డాక్టరు సెన్నింగునూ, ఇంజనీరు ఎల్మ్‌క్విస్టునూ విడవకుండా వేధిస్తే తప్ప వాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఇంజనీరు బూట్ పాలిష్ డబ్బాను అచ్చుగా పెట్టుకొని దాన్ని పోతపోసినాడు. పెట్టింది కొన్ని గంటలే పనిచేసింది. ఇంకొకటి పెట్టినారు. అట్ల మొత్తం 26 మార్పించుకొని, 86 ఏండ్లు బతికి, 2001లో పోయినాడు. అదీ గుండె వల్ల కాదు. చేసిన ఇంజనీరూ, పెట్టిన డాక్టరూ ఆయన కంటే ముందే పోయినారు. ఇది చెప్తే మా ఆవిడ అన్నిటినీ వదిలిపెట్టి ఒక్కటే పట్టుకుంది: "చూసినావా, పెండ్లాం వేధించబట్టే బతికినాడు."

ఒకసారి మా చిన్నాయన వచ్చి గొంతు తగ్గించి, "మనిషి పోయినా అది కొట్టుకుంటానే ఉంటాదంట గదా, ప్రాణం ఎట్ల పోతాదప్పా?" అని అడిగినాడు. అది కరెంటు పంపుతుంది గానీ, చచ్చిన కండ పలకదు చిన్నాయనా అని చెప్పినా. కాల్చేముందు దాన్ని తీసేయాల, లేకుంటే మంటల్లో టపాకాయ పేలినట్టు పేలుతుంది అని కూడా చెప్పినా. ఆయన కాఫీ సగంలో పెట్టి లేచినాడు. తర్వాత పలకరింపులకు వచ్చేవాళ్లు బాగా తగ్గినారు.

కర్నూలులో చెకింగుకు పోతే, ఒక పిల్లోడు నా ఎదమీద చిన్న యంత్రం ఆనించి కంప్యూటర్లో చూసినాడు. "కొంచెం స్పీడు పెంచుతా పెద్దాయనా" అని ఏదో నొక్కినాడు. కుర్చీలోంచి లేవకుండానే గుండె దడదడలాడింది, మళ్లీ తగ్గించినాడు. నూటికి ఇరవై దెబ్బలే పెట్టెవి, తక్కినవన్నీ నీ గుండెవేనన్నాడు. గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే ఆ పెట్టె ఊరికే వింటా కూర్చుంటుందంట. గుండె తడబడితేనే ఒక్క దెబ్బ వేసి, మళ్లీ గమ్మునుంటుందంట. పని సరిగ్గా జరుగుతుంటే జోక్యం చేసుకోకుండా ఉండేది ఒకటి మా ఇంట్లోకి రావడం ఇదే మొదలు.

అయితే చాడీలు చెప్పడం మాత్రం దానికీ వచ్చు. "ఫలానా రోజు సాయంత్రం గుండె జోరుగా పరిగెత్తిందే, ఏం చేసినావు పెద్దాయనా?" అన్నాడా పిల్లోడు. మా ఆవిడ నా వైపు తిరిగింది. ఆఖరి ఓవరు చూస్తుంటి అని చెప్పినా. ఆమె నమ్మినట్టు లేదు.

"ఏం తిన్నాడో కూడా రాసుకుంటాదా నాయనా?"

"లేదమ్మా, అది దానికి తెలీదు."

ఎమ్మిగనూరు బస్టాండులో దిగినాక ఆమె సంచి చూసుకుంటుంటే, ఉగ్గాని బండి దగ్గర మిరపకాయ బజ్జీలు రెండు కట్టించుకొని జేబులో వేసుకున్నా. ఎడమ జేబులో. అది ఖాళీగానే ఉంది గదా.