తువ్వాల

2019 వసంత పంచమి. మనవడికి అక్షరాభ్యాసం చేయిద్దామని ఇంటిల్లిపాదీ తెల్లారకముందే నిజామాబాద్‌లో బాసర బండెక్కాం. బోగీలో కాలు పెట్టే సందు లేదు. ప్రతి ఒడిలో ఓ పసివాడు, ప్రతి సంచిలో ఓ పలక.

ఎదుటి సీట్లో ట్రిపుల్ ఐటీ పిల్లలు ముగ్గురు ఒకే ఫోన్లో తలలు దూర్చి 'రోబో' ముక్కలు చూస్తున్నారు. ఈమధ్యే వచ్చిన '2.0' కన్నా 2010 నాటి ఈ పాతదే నయమని ఒకడు. జనం చేతుల్లోంచి సెల్‌ఫోన్లన్నీ ఎగిరిపోయే సీనొక్కటి చాలు, '2.0'కి పెట్టిన టికెట్టు పైసలు ఎల్లినయని ఇంకొకడు. మూడోవాడికి 'రోబో' క్లైమాక్సే నచ్చలేదు. "గంతమంది రజనీకాంత్‌లు గలిసి బంతయితరు, పామయితరు. సైన్సా, సర్కసా?" అన్నాడు. నా ఓటూ వాడికే.

ఊరుకోలేక నేనూ దూరాను. ఆ సినిమాకు మాటలు రాసినవాళ్లలో తమిళ రచయిత సుజాత ఒకరనీ, ఆయన బెంగళూరు బీఈఎల్‌లో ఇంజినీరుగా మన ఓటింగ్ మిషన్ తయారీలో పనిచేశాడనీ, సినిమా విడుదలకు రెండేళ్ల ముందే పోయాడనీ చెప్పాను. పిల్లలు కాస్త మర్యాదగా సర్దుకుని కూర్చున్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

పక్కన మనవరాలి పలక ఒళ్లో పెట్టుకున్న అవ్వ, "గా కతేందో నాకు గూడ జర జెప్పుండ్రి బిడ్డా" అంది. చెప్పారు. మేడ అంటుకుంటుంది. రోబో లోపలికి దూకి ఒక్కొక్కరినే బయటికి తెస్తుంది. స్నానాల గదిలో ఉన్న పిల్లను కూడా ఉన్నపళంగా ఎత్తుకొచ్చేస్తుంది. చుట్టూ జనం, టీవీ కెమెరాలు. ఆ పిల్ల సిగ్గుతో చచ్చిపోయి, పరుగెత్తి లారీ కింద పడుతుంది.

అవ్వ చెయ్యి పలక మీద ఆగిపోయింది. "మరి ఇంత బట్ట కప్పలేదా?"

"మిషిన్ గదా అవ్వా. పానం కాపాడాల్నని ప్రోగ్రాం ఉన్నది. సిగ్గు సంగతి దానికేం ఎరుక?"

ఇక నేను ఉపన్యాసం అందుకున్నాను. దానికి మనసు నేర్పించాలని సైంటిస్టు పూనుకునేది ఆ తర్వాతే అన్నాను. "మనిషికీ మరమనిషికీ తేడా ఇంతే అవ్వా" అంటూ భుజం మీది తువ్వాల తీసి, అందరికీ కనబడేలా దులిపి చూపించాను. "మనిషైతే ముందు ఇది కప్పుతాడు. ఆ తర్వాతే ఎత్తుకుంటాడు." పిల్లలు తలలూపారు. ఇంతలో బండి గోదావరి వంతెన ఎక్కింది. అందరం లేచి చిల్లర నీళ్లలోకి విసిరి దండం పెట్టుకున్నాం.

ఘాట్ దగ్గర నీళ్లు కొరికేస్తున్నాయి. మనవడు వాళ్ల నాన్న మెడ వదలడు. నేను మోకాళ్లలోతు దిగి, ఒడ్డు వైపు తిరిగి ఫోనుతో వీడియో పట్టాను. మూడో మునకకు వాడు పెట్టిన కెవ్వుకేక భలే వచ్చింది. నీళ్లలో నిలబడే మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

మెట్లెక్కుతుంటే తడి జుట్టు పిండుకుంటూ అవ్వ ఎదురైంది. "సారూ, మీ పిలగాడు మునుగుడు సూపియ్యరాదు" అంది. సంబరంగా ఫోను ముందు పెట్టాను. మొదటి మునకకు నవ్వింది. రెండో మునకకు ఆమె వేలు లేచి తెర మూల దగ్గర నిలిచింది.

"గిది మా కోడలు."

వాడి వెనక, మెట్ల మీద, ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని చీర అడ్డం పెట్టారు. ఒడ్డున జనం ఉన్నారు గనక అడ్డం ఒడ్డు వైపే పెట్టారు. నేను నిలబడ్డది నది వైపు.

"ఎవలెవలికి వోయింది సారూ?"

"మావాళ్లకే అవ్వా... నలభై ముగ్గురికి."

ఒక్క మాట అనలేదు. నా భుజం మీది తువ్వాల లాగి, నా అరచేతిలోని ఫోను మీద కప్పింది. కప్పి, కోడలు ఉన్న వైపు వెళ్లిపోయింది.

తువ్వాల కింద ఫోను టింగుమంది. మళ్లీ టింగుమంది.